నూట పదహార్ల రసీదు

మార్చి నెల మొత్తం నాకు ఒకటే పని. పొద్దున పదకొండు దాటగానే ఫోన్ పట్టుకుని కూర్చోవడం. పాత కస్టమర్లు, పాత కొలీగ్స్, చుట్టాలు, చుట్టాల వియ్యంకులు, ఒక్కొక్కరికీ చేసి "మా ట్రస్టుకు మీకు తోచింది ఇవ్వండి, పన్ను మినహాయింపుకు 80జీ రసీదు ఇస్తాం" అని చెప్పడం. పదకొండుకు ముందు చేస్తే ఆఫీసు హడావుడిలో ఉంటారు. రెండు దాటాక చేస్తే రిటైరైనవాళ్లు కునుకు తీస్తుంటారు. బ్యాంకులో ముప్పై నాలుగేళ్లు చేశాను, డిపాజిట్లు అడగడం నాకు కొత్త కాదు. చందా అడగడం మాత్రం వేరే విద్య. డిపాజిట్ అయితే వాళ్ల డబ్బు వాళ్లకే వడ్డీతో తిరిగొస్తుంది. చందా అనగానే "దేనికమ్మా?" అంటారు. ఆ ప్రశ్నకే నా దగ్గర ఒక్క ముక్కలో జవాబు లేదు.

కరపత్రం మీద "చరిత్ర, జాతి సయోధ్య" అని వేయించాం, రంగు చూసి దూరం పెట్టిన మనుషులతో మళ్లీ కలవడం అన్న అర్థంలో. మొదటి వారంలోనే మా పాత మేనేజర్‌గారు ఒకరు చదివి తెగ సంతోషపడిపోయారు. "జాతి సమైక్యత కోసం పనిచేస్తున్నారన్నమాట! మంచిది. ఆగస్టు పదిహేనుకు ప్రోగ్రాం ఏమైనా పెడతారా?" అన్నారు. తప్పు ఆయనది కాదు. తెలుగులో జాతి అంటే దేశం అవుతుంది, కులం అవుతుంది, ఆవుల్లో రకం కూడా అవుతుంది. ఒంటి రంగు, జుట్టు మెలిక చూసి మనిషిని పక్కన పెట్టడం మనకు బాగానే వచ్చు, దానికి పేరు పెట్టుకోవడమే మరిచిపోయాం.

సయోధ్య అనే మాట కూడా నాకు నోటికి రాదు. మా బ్యాంకు భాషలో రీకన్సిలియేషన్ అంటే బ్రాంచి పుస్తకం, హెడ్డాఫీసు పుస్తకం పక్కపక్కన పెట్టుకుని ఒక్కో ఎంట్రీకి టిక్కు కొట్టుకుంటూ పోవడం. ఇక్కడ రాసింది అక్కడ కనిపించకపోతే ఆ ఎంట్రీ పెండింగు. నేను చేరిన కొత్తలో కంప్యూటర్లు లేవు, రాత్రి తొమ్మిదింటి దాకా ఎరుపు పెన్నుతో అదే పని. ఒక పెద్ద క్లర్కు అనేవాడు, "చూడమ్మా, టాలీ కావాలంటే రెండు పుస్తకాలూ తెరవాలి. నీ పుస్తకం ఒక్కటే ఎన్నిసార్లు కూడినా లాభం లేదు" అని. ట్రస్టులో చేరిన కొత్తలో అక్కడి పిల్లలు "రేషియల్ రీకన్సిలియేషన్" అంటుంటే నా కళ్ల ముందు ఆ లెడ్జర్లే మెదిలేవి. చెబితే నవ్వుతారని ఊరుకున్నా.

మా ట్రస్టు చేసేది చాలా చిన్న పని. మాసాబ్ ట్యాంక్ పక్కన ఏసీ గార్డ్స్ అనే పేట ఉంది కదా, మహావీర్ హాస్పిటల్ ఉన్న చోటు. బయటి ఊళ్ల నుంచి కొత్తగా వచ్చినవాళ్లు ఏసీ అంటే ఎయిర్ కండిషనర్ అనుకుంటారు. అది ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్. నిజాం దగ్గర పనిచేసిన ఆఫ్రికన్ గుర్రపు దళం. వాళ్ల క్వార్టర్లు ఉన్న చోటు కాబట్టి ఆ పేరు. వాళ్ల వారసులు, సిద్దీలు, ఇప్పటికీ అక్కడే ఉన్నారు. ఆ ఇళ్లలోని పెద్దవాళ్లు చెప్పే సంగతులు రికార్డు చేసి, రాసి, తెలుగులోకి తెచ్చి భద్రపరచడం మా పని. నలభై మందివి చేయాలని లెక్క. మనిషికి 16,000 చొప్పున 6,40,000 రూపాయలు. అందులో 2,000 మాట్లాడినవాళ్లకు, 7,500 రాతకు, అనువాదానికి. ఒక గంట దక్కనీ మాటను కాగితం మీద పెట్టాలంటే ఆరేడు గంటలు పడుతుంది, మరి.

నాకు వాళ్లతో చుట్టరికం లాంటిది ఒకటుంది. మాది వనపర్తి. ఆ దళం మొదట మా వనపర్తి సంస్థానానిదే. 19వ శతాబ్దంలో రాజా రామేశ్వరరావుగారు ఆఫ్రికన్ సైనికులతో దాన్ని పెట్టుకున్నారు, తర్వాత అది నిజాం కొలువుకు చేరింది. ఇప్పుడు పాలిటెక్నిక్ నడుస్తున్న ఆ రాజమహల్లోనే మా నాయన డిప్లమా చదివాడు. ఆ గోడల మధ్య మూడేళ్లు తిరిగినా ఈ సంగతి ఆయనకు తెలియదు. మా నాయనమ్మకు మాత్రం తెలిసినట్టే ఉంది. అన్నం తినకపోతే "హబ్షీవాడు వస్తాడు, సంచీలో వేసుకుని పోతాడు" అని బెదిరించేది. హబ్షీ అంటే ఆఫ్రికావాడు, ఎలా ఉంటాడో ఆమె ఎన్నడూ చూసి ఉండదు. ఒక ఊరి జ్ఞాపకంలో నుంచి మనుషులు మాయమై భయం మాత్రం మిగలడం అంటే అదేనేమో. నేను హైదరాబాద్ వచ్చి విజయనగర్ కాలనీలో కాపురం పెట్టాక ఏసీ గార్డ్స్ మీదుగా రోజూ బ్యాంకుకు వెళ్లేదాన్ని. పెళ్లి ఊరేగింపుల్లో మర్ఫా కొడుతుంటే బస్సు ఆగిపోయేది. తిట్టుకునేదాన్ని. ఆ దరువు ఆఫ్రికా నుంచి, అరబ్ దేశాల నుంచి వచ్చిన సిపాయిలు మన పాతబస్తీకి తెచ్చినదని రిటైరయ్యేదాకా తెలియదు.

2019 జూన్‌లో అట్లాంటాలో ఉన్న మా అబ్బాయి దగ్గరికి వెళ్లాం. "ఒక చోటికి తీసుకెళ్తా, షాపింగ్ కాదు" అని రెండున్నర గంటలు కారు నడిపి అలబామా రాష్ట్రంలోని మాంట్గొమరీ తీసుకెళ్లాడు. అక్కడ బ్రయన్ స్టీవెన్సన్ అనే లాయరు 1989లో మొదలుపెట్టిన ఈక్వల్ జస్టిస్ ఇనిషియేటివ్ అనే సంస్థ ఉంది. నల్లజాతి వాళ్లను గుంపులుగా చేరి ఉరితీసి, కాల్చి చంపిన సంఘటనలు ఊరూరా వెతికి, 4,400 మందికి పైగా లెక్క తేల్చి, వాళ్ల కోసం ఒక స్మారకం కట్టారు. 2018 ఏప్రిల్‌లో తెరిచారు. ప్రభుత్వం కట్టింది కాదు, చందాలతో నడిచే సంస్థ కట్టింది.

మ్యూజియంలో ఒక గోడ నిండా గాజు సీసాలు. ఒక్కో సీసాలో మట్టి. మనిషిని చంపిన చోటికి వెళ్లి, ఆ ఊరివాళ్లు, కొన్నిచోట్ల చనిపోయినవాళ్ల మనవలు, తవ్వి తెచ్చిన మట్టి. సీసా మీద పేరు, ఊరు, తేదీ. మాది పాత పాలమూరు జిల్లా, మట్టి చూస్తే నేను ఏ పంటకు పనికొస్తుందో చెప్పగలను. ఎర్రమట్టి, నల్లరేగడి, చవుడు, ఇసుక కలిసినది, బూడిద రంగుది, ఒకదాంట్లో గడ్డి వేరు ఒకటి అలాగే ఉంది. వరసలో ముందు రంగులే చూశాను, పేర్లు చదవలేదు. ఒక సీసా దగ్గర మా పొలం గట్టు మట్టి రంగే కనిపించి ఆగిపోయి అప్పుడు పేరు చదివాను. ఆ పేరు ఇక్కడ రాయను. కాసేపు అక్కడే నిలబడ్డాను. మా ఆయన వచ్చి నీళ్ల బాటిల్ ఇచ్చి ఏమీ మాట్లాడకుండా పక్కకు వెళ్లారు.

స్మారకం కొంచెం దూరంలో గుట్ట మీద. 800కు పైగా ఇనుప దిమ్మెలు, తుప్పు రంగులో. జిల్లా లాంటి ఒక్కో కౌంటీకి ఒక్కోటి, దాని మీద అక్కడ చనిపోయినవాళ్ల పేర్లు. ముందు అవి మన ఎత్తులో నిలబడి ఉంటాయి. నడుస్తూ పోతుంటే నేల కిందికి దిగుతుంది, దిమ్మెలు పైన వేలాడుతూ మిగిలిపోతాయి. తల ఎత్తి చూడాల్సి వస్తుంది. అంతవరకు ఎవరైనా చెబుతారు. నన్ను పట్టుకున్నది బయట పచ్చిక మీద వరసగా పడుకోబెట్టి ఉన్న దిమ్మెలు. లోపలివాటికి అవి జంటలు. ఏ కౌంటీ దిమ్మెను ఆ కౌంటీవాళ్లు వచ్చి తీసుకెళ్లి తమ ఊళ్లో నిలబెట్టుకోవాలి, అందుకోసం పెట్టారట. "ఇన్ని మిగిలాయేమిటిరా?" అన్నాను. "ఇంకా తీసుకెళ్లలేదు కదమ్మా" అన్నాడు. నేను గట్టిగానే అన్నాను, "అయితే ఇవన్నీ పెండింగ్ ఎంట్రీలు" అని. వాడికి అర్థం కాలేదు.

తిరిగొచ్చేటప్పుడు కారులో వాడు అడిగాడు. "అమ్మా, మన అపార్ట్‌మెంట్‌కి అద్దెకు వచ్చిన సూడాన్ అబ్బాయిలు గుర్తున్నారా?"

గుర్తున్నారు. 2014లో మా మూడో అంతస్తు ఫ్లాటు ఓనరు ఇద్దరు సూడాన్ స్టూడెంట్లకు ఇస్తానన్నాడు. అడ్వాన్సు కూడా తీసుకున్నాడు. అసోసియేషన్ మీటింగు పెట్టారు. నేను ట్రెజరర్ని, మినిట్స్ రాసేది కూడా నేనే. మీటింగులో ఏమేం మాట్లాడారో ఇక్కడ రాస్తే మా బిల్డింగు పరువు పోతుంది. డ్రగ్స్ అన్నారు, ఆడపిల్లలు అన్నారు, ఒకాయన వాసన అన్నాడు. ఎవరూ వాళ్లను చూడనైనా లేదు. నేను మాత్రం మినిట్స్‌లో చాలా శుభ్రంగా రాశాను: "ఫ్యామిలీలకు మాత్రమే అద్దెకు ఇవ్వవలెనని ఏకగ్రీవంగా తీర్మానించడమైనది." దాదాపు ముప్పై ఏళ్లుగా ఆడిటర్ల కోసం రాసిన చెయ్యి, ఎక్కడా దొరకదు. రంగు లేదు, దేశం లేదు. నెల తిరక్కుండా అదే ఫ్లాటులో నలుగురు సాఫ్ట్‌వేర్ బ్యాచిలర్లు దిగారు, మనవాళ్లే. ఎవరూ తీర్మానం గుర్తు చేయలేదు. అప్పుడు బీటెక్ చదువుతున్న మా వాడు ఆ రాత్రి నాతో గొడవపడి అన్నం తినకుండా పడుకున్నాడు. నేను పొద్దున్నే దోసెలు వేసి ఆ సంగతి ముగిసిపోయిందనుకున్నా.

ఇదీ నేను ఈ పనిలోకి వచ్చిన దారి. 2021లో రిటైరయ్యాక ట్రస్టులో లెక్కలు చూడమన్నారు, ఒప్పుకున్నాను. లెక్కలు చూసేవాళ్లే డబ్బు కూడా అడగాలని తర్వాత తెలిసింది.

చందాల పని గురించి నాలుగు ముక్కలు చెబుతాను, ఇలాంటి చిన్న సంస్థలు నడిపేవాళ్లకు పనికొస్తాయేమో. ముందు, 80జీ అనే గాలం ఇదివరకటిలా పనిచేయడం లేదు. "నేను కొత్త రెజీమ్‌లోకి మారిపోయానమ్మా" అంటారు. కొత్త పన్ను విధానంలో ఆ మినహాయింపు లేదు, నిజమే. పాత విధానంలో ఉన్నవాళ్లు నగదు ఇస్తామంటారు. 2,000 దాటిన నగదుకు మినహాయింపు రాదంటే, "అయితే రెండు వేలే రాయి" అని జేబులో చెయ్యి ఆపేస్తారు.

కంపెనీల సంగతి ఇంకో కథ. చట్టం ప్రకారం ఒక స్థాయి దాటిన కంపెనీలు మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సామాజిక పనులకు ఖర్చు పెట్టాలి. ఏమేం పనులో 2013 కంపెనీల చట్టంలోనే షెడ్యూలు ఉంది, అందులో వారసత్వ సంపద, కళలు, సంస్కృతి కూడా ఉన్నాయి. ఆ డబ్బు తీసుకోవడానికి కావాల్సిన సీఎస్ఆర్-1 ఫారం నింపి రిజిస్టర్ కూడా చేయించుకున్నాం. హైటెక్ సిటీలో ఒక కంపెనీవాళ్లు పిలిచారు. పేరెందుకులెండి. పదిహేనో అంతస్తు, మంచి కాఫీ. మా అబ్బాయి వయసు కుర్రాడు, మర్యాదస్తుడే. ఎక్సెల్ షీట్ తెరిచి "బెనిఫిషియరీస్ ఎంతమంది మేడమ్?" అన్నాడు. నలభై అన్నాను. "నలభై వేలా?" అన్నాడు. నలభై మంది అన్నాను. టైపు చేస్తున్న వేళ్లు ఆగిపోయాయి. పాపం, సాయం చేద్దామనే చూశాడు. "దీనికి కుట్టుమిషన్లు కలుపుదామా? నలభై మిషన్లు, ఫొటోలు బాగా వస్తాయి" అన్నాడు. "మాట్లాడడానికి మనిషికి రెండు వేలు ఎందుకు? వాళ్ల కథ వాళ్లు ఫ్రీగా చెప్పరా?" అని కూడా అడిగాడు. నాకు కోపం రాలేదంటే అబద్ధం. నీకు జీతం ఎందుకిస్తున్నారు నాయనా, నువ్వు కూడా మాట్లాడుతూనే ఉన్నావు కదా అని నోటిదాకా వచ్చింది. కాఫీ తాగి వచ్చేశాను.

అమెరికా చుట్టాల దగ్గర ఇంకో చిక్కు. విదేశీ విరాళాలు తీసుకోవాలంటే ఎఫ్‌సీఆర్ఏ అనే చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉండాలి. 2020 సవరణ తర్వాత ఆ డబ్బు ఢిల్లీలోని స్టేట్ బ్యాంక్ మెయిన్ బ్రాంచిలోనే పడాలి. మాకు ఆ రిజిస్ట్రేషన్ లేదు. మా అక్క కొడుకు డాలస్‌లో హెచ్1బీ మీద ఉన్నాడు, ఇండియన్ పాస్‌పోర్టు. వాడు మామూలుగా బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు. వాడి చెల్లెలు మాత్రం అక్కడి పౌరసత్వం తీసుకుంది, ఓసీఐ కార్డు ఉంది. చట్టం లెక్కలో ఆమె విదేశీయురాలు. తెలియక ఇక్కడి అకౌంటు నుంచి 50,000 వేసేసింది. రాత్రి చూసుకుని గుండె ఆగినంత పనైంది. మర్నాడే వెనక్కి పంపి, ఎందుకు పంపామో కాగితం రాసి ఫైలులో పెట్టాను. "ఒకే అమ్మ కడుపున పుట్టాం, అన్నయ్య డబ్బు స్వదేశీ, నా డబ్బు విదేశీనా చిన్నమ్మా?" అని ఆ పిల్ల ఏడ్చినంత పని చేసింది.

ఆ పిల్లతో ఫోనులో ఇంకో మాట అన్నాను. అనకూడదేమో. 1965 దాకా అమెరికాలో ఇండియా నుంచి వలస వచ్చేవాళ్లకు కోటా ఏడాదికి 100 మంది. 1964లో పౌరహక్కుల చట్టం, 1965 ఆగస్టులో ఓటు హక్కు చట్టం, అదే ఏడాది అక్టోబరులో దేశాలవారీ కోటాలు తీసేసిన వలస చట్టం. నల్లజాతి వాళ్లు దెబ్బలు తిని, జైళ్లకు వెళ్లి మార్చిన గాలిలోనే ఆ చట్టం కూడా వచ్చింది. మన తెలుగు డాక్టర్లు, ఇంజనీర్లు విమానాలెక్కింది ఆ తర్వాతే. "మీ ఊళ్లో గుడికి ఇచ్చినదాంట్లో పదో వంతు అక్కడే అలాంటి సంస్థ దేనికైనా ఇవ్వవే" అన్నాను. అవతల నిశ్శబ్దం. తర్వాత ఆ పిల్ల మాంట్గొమరీ సంస్థకు ఎంతో కొంత పంపినట్టు వాళ్లన్నయ్య చెప్పాడు. నాకు చెప్పలేదు. నేనూ అడగలేదు.

ఇప్పుడు నా తప్పు. కరపత్రానికి ఒక ఫొటో కావాల్సి వచ్చింది. ఏసీ గార్డ్స్‌లో మేం మొట్టమొదట కలిసిన పెద్దాయన, ఎనభైకి దగ్గర పడ్డాడు, నేను చాచా అంటాను, ఆయన ఇంటి ముందు ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉండగా తీసిన ఫొటో ఒకటుంది. వెనక పెచ్చులూడిన గోడ. ఎండ ఏటవాలుగా పడి ముఖం మీద ముడతలన్నీ కనిపిస్తున్నాయి. చూడగానే డబ్బు వచ్చే ఫొటో అనిపించింది, నిజంగా ఆ మాటే అనుకున్నాను. కింద "మరుగున పడిన బతుకులు" అని వేయించాను. ఆయన్ని అడగలేదు. ఫొటో తీసేటప్పుడు ఒప్పుకున్నాడు కదా అనుకున్నా.

వాట్సాప్ ఆగుతుందా! మూడో రోజు ఆయన మనవడు ఫోన్ చేసి "దాదా మిమ్మల్ని రమ్మంటున్నారు" అన్నాడు. వెళ్లాను. చాయ్ ఇచ్చారు. ఉస్మానియా బిస్కెట్లు పెట్టారు. ఆయన నేను తాగేదాకా ఆగాడు. తర్వాత ఫోన్ తీసి చూపించి, "గోడ ఎందుకు వేశారమ్మా?" అన్నాడు. ఆయన తెలుగు మన హైదరాబాదీ తెలుగే, మధ్యలో దక్కనీ కలుస్తుంది. "లోపలి గదిలో మా అబ్బాజాన్ ఫొటో ఉంది. గుర్రం మీద. యూనిఫారం వేసుకుని, చేతిలో బల్లెం. అది చూశారు కదా మీరు, గంటసేపు దాని గురించే అడిగారు. పేపరు మీద వేసేటప్పటికి అది గుర్తు రాలేదా? నేను మరుగున పడ్డానా? డెబ్బై ఏళ్లుగా ఇదే గల్లీలో ఉన్నా. మీరే ఇటు రాలేదు."

అరవలేదు. బిస్కెట్ల ప్లేటు ఇంకాస్త నా వైపు జరిపాడు.

ఆ గదిలో గోడకు నిజంగానే ఆ ఫొటో ఉంది. నలుపు తెలుపు, మూల కొంచెం చెదపట్టింది. 1948 సెప్టెంబరులో పోలీసు చర్య, ఆ తర్వాత నిజాం సైన్యం పోయింది, దాంతో ఈ దళం కూడా పోయింది. చాచాకు అప్పటికి బాగా చిన్న వయసు. గుర్రాన్ని అప్పగించి వచ్చిన రోజు తండ్రి జీను తుడిచే గుడ్డ మాత్రం ఇంటికి తెచ్చుకున్నాడని, చనిపోయేదాకా దాంతో ముఖం తుడుచుకునేవాడని రికార్డింగులో చెప్పాడు. ఆ తర్వాత ఉద్యోగాలకు తిరిగితే బయట ఎవరూ ఈ ముఖాలకు పని ఇవ్వలేదని కూడా చెప్పాడు. బడిలో పిల్లలు ఏమని పిలిచేవాళ్లో కూడా. ఇవన్నీ విన్నదాన్ని నేనే. పేపరు మీదికి గోడ ఎక్కించిందీ నేనే.

మిగిలిన అయిదు వందల కరపత్రాలు చించేసి, కొత్తవి నా డబ్బుతో వేయించాను. 4,200 అయింది. ఈసారి ఫొటో ఆయనే ఎంచుకున్నాడు: గుర్రం, బల్లెం. కింద మాట కూడా ఆయనదే: "మా నాయన, ఏసీ గార్డ్స్." నిజం చెప్పాలంటే, పగిలిన గోడకు వచ్చినంత డబ్బు గుర్రానికి రాలేదు. మొదటి మూడు రోజుల్లో 61,000 వస్తే, తర్వాతి పది రోజుల్లో 40,000 కూడా రాలేదు. "వీళ్లు బాగానే బతికారుగా" అన్నారు ఒకరు. జాలి పడడానికి ఇచ్చే మనిషి గౌరవించడానికి జేబు తీయడు. ఈ లెక్క నాకు ఇప్పటికీ మింగుడు పడలేదు, దీనికి ఉపాయమూ తెలియదు.

ఉగాది రోజు మా బిల్డింగు సెల్లార్‌లో పచ్చడి పంచి, పంచాంగం చదివించి, తర్వాత ఎవరైనా మాట్లాడవచ్చంటే నేను లేచాను. చందా అడగడానికే లేచాను. కానీ సంచీలో పాత మినిట్స్ బుక్కు కూడా తెచ్చుకున్నా. 2014 నాటి పేజీ తెరిచి తీర్మానం చదివాను. తర్వాత ఆ రోజు అసలు ఏం మాట్లాడామో చెప్పాను, పేర్లు లేకుండా. రాసింది నేనే అని కూడా చెప్పాను. తర్వాత ఏసీ గార్డ్స్ సంగతి, ఇక్కడికి కిలోమీటరు దూరంలో ఉన్న మనుషుల సంగతి. మాట తడబడింది, మధ్యలో ఎవరిదో పసిపిల్ల ఏడ్చింది, మైకు కుయ్యిమంది. ప్రసంగాలు ఇలా ఉండవు.

కొంతమంది లేచి ప్లేట్లు పారేయడానికి వెళ్లారు, మళ్లీ రాలేదు. సెక్రటరీగారు "అప్పటి పరిస్థితులు వేరమ్మా, పండగ పూట ఇదంతా ఎందుకు?" అన్నారు. ఆ రోజు వాసన అన్న పెద్దమనిషి మొదటి వరసలోనే ఉన్నాడు. చివరిదాకా కూర్చున్నాడు. లిఫ్టు దగ్గర నా చేతిలో ఐదు వందల నోటు పెట్టి, "రసీదు వద్దు" అని వెళ్లిపోయాడు. రసీదు లేకుండా డబ్బు తీసుకోవడం నాకు చేతకాదు. ఆయన ఫ్లాటు తలుపు కింద నుంచి రసీదు తోసి వచ్చాను. ఆ రోజు మొత్తం 23,500. మా ఎదురు ఫ్లాటువాళ్లు అప్పటినుంచి మాట్లాడడం లేదు. అబ్బాయికి వీడియో కాల్‌లో చెబితే కాసేపు చూసి, "దోసెలు వేశావా?" అన్నాడు వెధవ.

మార్చి 31 రాత్రి పుస్తకం మూసేసరికి 117 రసీదులు, 3,58,400 రూపాయలు. నలభై మందికి సరిపోదు, ఇరవై రెండు మందికి వస్తుంది. మిగతా పద్దెనిమిది మందిలో ఎవరిని ముందు చేయాలో వయసు చూసి జాబితా వేసుకుంటున్నాం. ఆ పని అసలు బాగోలేదు.

ఏప్రిల్ మొదటి వారంలో ఈ లెక్కే చెబుదామని చాచా దగ్గరికి వెళ్లాను. ఎంత వచ్చింది, ఎవరికి ఎంత, అంతా కాగితం మీద రాసుకుని. ఆయన కళ్లద్దాలు పెట్టుకుని ఓపిగ్గా విన్నాడు. ఆ కంపెనీ షీట్ మాట కూడా చెప్పాను, ఆయన్ని బెనిఫిషియరీ గడిలో వేశారని. "అంటే ఏంది?" అన్నాడు. తీసుకునేవాళ్లు అన్నాను. ఏమీ అనలేదు. లేచి లోపలికి వెళ్లి, చాలాసేపటికి వచ్చాడు. వంద నోటు, పది నోటు, ఐదు రూపాయల బిళ్ల, ఒక రూపాయి. బల్ల మీద వరసగా పెట్టాడు.

"నూట పదహారు. మీవాళ్లు ఇచ్చేటప్పుడు ఇంతే కదా ఇచ్చేది?"

వద్దు చాచా అనబోయాను. ఆయన చెయ్యి ఎత్తాడు. "మా అబ్బాజాన్ జీతం నిజాం రూపాయల్లో, హాలీ సిక్కాలో. ఇంగ్లీషోళ్ల వంద కావాలంటే మన నూట పదహారు పెట్టాల్సి వచ్చేదంట. మీ పెళ్లిళ్ల లెక్క కూడా అక్కడిదే అంటారు, నిజమా?" ఏడు హాలీ రూపాయలకు ఆరు బ్రిటిష్ రూపాయలు అన్నది పాత మారకం రేటు, ఆ మాట నేను చేరిన కొత్తలో విన్నాను. లెక్క కడితే నూట పదహారు దాటి కొంచెం వస్తుంది. అవునంటారు చాచా అన్నాను.

కొత్త ఆర్థిక సంవత్సరం, కొత్త రసీదు పుస్తకం. కార్బన్ కాగితం పెట్టి నంబరు 1 తెరిచాను. పేరు అడిగితే తండ్రి పేరుతో సహా పూర్తిగా చెప్పాడు, స్పెల్లింగు రెండుసార్లు సరిచేశాడు. పాన్ నంబరు గడి ఖాళీగా వదిలి, కింద సంతకం చేశాను. రసీదు మీద సంతకం నాదే, ఆయనది అక్కర్లేదని చెప్పినా వినలేదు. పెన్ను తీసుకుని పక్కన ఉర్దూలో తనూ ఒకటి చేశాడు.